ముందు కడలి... వెనుక చెరువు గట్టు

కోరంగి రేవు ఒండ్రుతో పూడిపోయింది. 18, 19 శతాబ్దాలలో ఓడలు కట్టిన ఊరు ఇది. చెడిపోయిన ఓడలను ఒడ్డుకు చేర్చి బాగుచేసిన ఊరు. వేలాది కూలీలను రంగూన్‌కు పంపిన రేవు. బర్మాలో తెలుగువాడు కనబడితే ‘కోరంగీ’ అని పిలిచేవారంటే ఆ పేరు ఎంత దూరం పాకిందో గ్రహించవచ్చు. గోదావరి ఏటేటా తెచ్చిన ఒండ్రు మేటవేసి, పెద్ద ఓడలకు లోతు చాలకుండా చేసింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

రేవు పోయినా ఈ తీరానికి వేరొకటి దక్కింది. ఆ మేటల మీద మడ మొలిచింది. నది ఎంత బురద తెస్తే అంత మేర సముద్రంలోకి నడిచింది. ఈనాడు కోరంగి అనగానే కాకినాడ, అమలాపురం ప్రాంతాల వారికి గుర్తుకు వచ్చేది ఆ అడవే.

చిత్రమేమంటే, ఒకనాడు ఎక్కువై రేవును పూడ్చిన ఒండ్రు నేడు తక్కువై అడవికి ఎసరు పెట్టేలా వుంది. సముద్రమట్టం పెరుగుతున్నదని రోజూ వింటున్నాం. పెరిగితే మడ ఏమవుతుంది? మునిగిపోతుందా, తట్టుకుంటుందా? ఈ ప్రశ్నకు జవాబులో సగమే సముద్రం దగ్గర వుంది. తక్కిన సగం ధవళేశ్వరానికి ఎగువనా, అడవి వెనుక వున్న చెరువు గట్ల మీదా వుంది.

ఏడు పాయల చివర

గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని పెద్దల మాట. పుష్య మాసంలో చొల్లంగి అమావాస్య నాడు స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెట్టేవారు మొక్కే తుల్యభాగ, ఆ తర్వాత కోరంగి దగ్గరి ఆత్రేయ, రెండూ ఈ మడ పక్కనే వున్నాయి. యాత్రికులు స్నానం చేసి వెళ్లిపోతారు. అక్కడికి కూతవేటు దూరంలో మొదలయ్యే అడవి గౌతమి మొగ దాకా సాగుతుంది.

1978లో ప్రభుత్వం ఇక్కడ 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. గౌతమికి దక్షిణాన కోనసీమ వైపు బలుసుతిప్ప, కందికుప్ప ప్రాంతాలలోనూ మడ వుంది. దేశంలో తూర్పు తీరాన బెంగాలు సుందర్‌బన్స్ తర్వాత చెప్పుకోదగిన పెద్ద మడ అడవులలో గోదావరి మడ ఒకటి. నీటికుక్కలు, చేపలు పట్టి తినే పిల్లి, చలికాలంలో వచ్చే వలస పక్షులు ఇక్కడి ఆకర్షణలు. చెక్క వంతెన మీద నడిచి, పడవెక్కి తిరిగి వచ్చే సందర్శకులకు ఇవి కనబడితే అదృష్టం. కనబడకపోయినా బురదలో పెన్సిళ్లు గుచ్చినట్లు నిలబడిన వేళ్లు మాత్రం కనబడక మానవు. అసలు కథ ఆ వేళ్లలోనే వుంది.

ఈ అడవిలో ఎక్కువగా కనబడేవి తెల్లమడ, నల్లమడ, తిల్ల. కాలువల అంచున ఊడల్లాంటి వేళ్లు దించుకుని ఉప్పుపొన్న నిలబడుతుంది. తిల్ల పాలు కంట్లో పడితే కళ్లు పోతాయని కట్టెలు కొట్టే వారికి భయం. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద వుండగానే మొలకెత్తి ములక్కాడలా వేలాడి, సమయం చూసి బురదలో పడుతుంది. పడిన చోట గుచ్చుకుంటే సరి, లేకుంటే నీటి మీద తేలుతూ వేరే జాగా వెతుక్కుంటుంది. తెల్లమడ ఆకు నాలుకకు తగిలిస్తే ఉప్పు రుచి తెలుస్తుంది. తాగిన ఉప్పును ఆకుల మీదుగా బయటకు నెట్టడం దాని పద్ధతి.

ఊపిరి ఆడే వ్యవధి

మడ చెట్టు ఉప్పునీటిలో బతుకుతుంది కనుక నీరు ఎంత పెరిగినా దానికి ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. బురదలో గాలి వుండదు. అందుకే తెల్లమడ, నల్లమడ తమ వేళ్లను బురదలోనుంచి పైకి పంపి గాలి పీల్చుకుంటాయి. పోటు వచ్చినప్పుడు వేళ్లు మునుగుతాయి, పాటు తీసినప్పుడు తేలుతాయి. రోజుకు రెండు మార్లు జరిగే ఈ వ్యవహారంలో తేలి వుండే గంటలే చెట్టుకు ప్రాణం. ఆ గంటలు తగ్గుతూ పోతే చెట్టు ఒక్క రోజులో చావదు. ముందుగా ఎదుగుదల ఆగుతుంది, ఆకు పలచబడుతుంది, కొత్త మొలకలు నిలవవు. ముసలి చెట్లు మాత్రమే మిగిలిన అడవి కొంతకాలం పచ్చగానే కనబడుతుంది.

కాకినాడ తీరంలో పెద్ద పోట్లప్పుడు నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఈ మధ్య జాగాలో పై సగమే మడకు పనికివస్తుంది. కింది సగం ఎప్పుడూ తడిసి వుండే ఒట్టి బురద. అంటే నిలువున మడకు దక్కినది నడుం లోతు జాగా కూడా కాదు. ఏడాదికి నాలుగు మిల్లీమీటర్ల చొప్పున సముద్రం పెరిగిందనుకుంటే పాతికేళ్లకు 10 సెంటీమీటర్లు. బెత్తెడు కంటె కాస్త ఎక్కువ. వినడానికి చిన్నదే. డెల్టా నేల బల్లపరుపుగా వుండటం వల్ల నిలువున బెత్తెడు పెరిగిన నీరు అడ్డంగా చాలా దూరం పాకుతుంది.

మరి సముద్రం ఎంత పెరుగుతున్నది? వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006-2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వేగం నాలుగు మిల్లీమీటర్లు దాటింది. వేడికి నీరు వ్యాకోచించడం ఒక కారణం, భూమి మీది మంచు కరిగి సముద్రంలో చేరడం మరొక కారణం. మనవంటి డెల్టాలలో ఇంకొకటి తోడవుతుంది. బురద తన బరువుకు తానే అణిగి నేల కుంగుతుంది. సముద్రం పైకి, నేల కిందికి. చెట్టుకు ఈ రెండింటి మొత్తం లెక్క.

అయితే మడ చేతులు కట్టుకుని కూర్చునేది కాదు. నేలను తానే పైకి లేపుకుంటుంది. పోటు నీటితో వచ్చిన ఒండ్రు వేళ్ల మధ్య చిక్కుకుని నిలిచిపోతుంది. రాలిన ఆకు, చచ్చిన వేరు కుళ్లీ కుళ్లక పొరలు పొరలుగా పేరుకుంటాయి. నది లేని చోట మడ ఈ రెండవ పద్ధతినే నమ్ముకుంది. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం తీరాన ఒక నదీ రాని చిన్న దీవులలో, ఒట్టి వేళ్ల కుళ్లుతోనే మడ వేల ఏళ్లలో 10 మీటర్ల మందం నేల కట్టుకున్నదని శాస్త్రజ్ఞులు తవ్వి చూశారు. మన గోదావరి మడకు మాత్రం పెద్ద దిక్కు నది తెచ్చే ఒండ్రే.

ఎంత వేగం దాకా మడ తట్టుకోగలదు? పది వేల ఏళ్ల కిందట మంచు యుగం ముగిసి సముద్రం వేగంగా పెరిగిన కాలంలో మడ ఏమైందో భూమి పొరలు తవ్వి లెక్కకట్టి, 2020లో ఒక శాస్త్రజ్ఞుల బృందం ఫలితాలు ప్రకటించింది. ఏడాదికి 6 మిల్లీమీటర్లు దాటిన చోట మడ నిలదొక్కుకోలేదని వారు తేల్చారు. 2023లో అదే పరిశోధకులు మరిన్ని వివరాలతో, ఏడాదికి 4 మిల్లీమీటర్ల దగ్గరనుంచే మడ వెనకబడటం మొదలవుతుందనీ, 7 మిల్లీమీటర్ల వద్ద అది దాదాపు ఖాయమనీ చెప్పారు. ఇప్పటి వేగం ఎక్కడ వుందో పైన చెప్పుకున్నాం. మొదటి గీత దగ్గరకు వచ్చేశాం.

ఇవి ప్రపంచం మొత్తానికి వేసిన లెక్కలు. ఒండ్రు బాగా దొరికే మడ ఇంతకంటె ఎక్కువే తట్టుకుంటుంది. దొరకనిది ముందే చేతులెత్తేస్తుంది.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. సముద్రం పెరగడమే కాదు, హఠాత్తుగా తగ్గినా మడకు చావే. 2015-16లో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని కార్పెంటేరియా సింధుశాఖలో ఎల్ నినో ప్రభావంతో సముద్రమట్టం కొన్ని నెలలు పడిపోయింది. దానికి ఎండ, కరువు తోడయ్యాయి. వెయ్యి కిలోమీటర్ల తీరం వెంట 7,400 హెక్టార్ల మడ ఎండిపోయింది. ఉప్పులో పుట్టి పెరిగిన చెట్టుకు కూడా దాహం వుంటుందని ఆ సంఘటనతో లోకానికి తెలిసింది. కోరంగిలో వేసవి పరిస్థితిని ఈ వెలుగులో చూడాలి. ధవళేశ్వరం వద్ద గేట్లు దించాక ఎండకాలంలో కిందికి వచ్చే తీపినీరు నామమాత్రం. వానలు పడేదాకా కాలువలలో ఉప్పు చిక్కబడుతుంది. ఎక్కువ ఉప్పు తట్టుకునే తెల్లమడ నెగ్గుతుంది, కాస్త తీపి కోరే జాతులు వెనక్కి తగ్గుతాయి. అడవి పచ్చగానే వుంటుంది. అందులోని రకాలు మాత్రం తరిగిపోతాయి.

ఒండ్రు ఏమైంది?

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. గోదావరి జిల్లాలు కరువు కోరల నుంచి బయటపడ్డాయి. దాని స్థానంలో తర్వాత బ్యారేజి వచ్చింది. ఎగువన మహారాష్ట్రలో జాయక్వాడి, తెలంగాణలో నిజాంసాగర్, శ్రీరాంసాగర్, ఇంకా చిన్నా పెద్దా ఎన్నో వచ్చాయి. ఎవరి పొలానికి నీరు వద్దనగలం? ఈ అన్నం తిని పెరిగిన వాళ్లమే అందరమూ. అయితే జలాశయం నీటిని నిలబెట్టినప్పుడు నీటిలోని మన్ను కూడా అడుగున నిలబడిపోతుంది. ఎకరాలకు నీరెంత అందిందో ప్రతి ఏడూ లెక్క వస్తుంది. సముద్రానికి మన్ను ఎంత అందలేదో ఎవరూ అడగరు.

ఆ లెక్క కట్టినవారు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 1970-79 మధ్య గోదావరి డెల్టాకు సగటున ఏడాదికి 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది. 2000-2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. నీరు పెద్దగా తగ్గలేదు, మన్ను మూడవ వంతుకు దగ్గరగా వచ్చింది. కృష్ణ పరిస్థితి ఇంతకంటె అన్యాయం. 1966-69 మధ్య 90 లక్షల టన్నులు వుండగా, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులు మాత్రమే. అక్కడ నీరూ పోయింది, మన్నూ పోయింది.

అదే అధ్యయనంలో మరో అంకె వుంది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో, వచ్చిన మేట పోగా నికరంగా కోసుకుపోయిన నేల 76 చదరపు కిలోమీటర్లు. ఎకరాలలో చెప్పుకుంటే సుమారు 18,800. తొలి పాతికేళ్లలో ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్ల చొప్పున పోయినది, 1990 తర్వాత 2.3కు చేరింది. మన జిల్లాలలో సెంటు భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. ఇన్ని వేల ఎకరాలు సముద్రం పాలైతే కేసు పెట్టేవాడు లేడు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వారిని అడిగితే కోత అంటే ఏమిటో చెబుతారు. అక్కడ వీధులే పోయాయి, బీచ్ రోడ్డును ఎన్నిసార్లు వేసినా అలలు ఎత్తుకుపోతూనే వున్నాయి.

గోదావరికి ఒక అదృష్టం మిగిలి వుంది. వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, 2022 జులైలో 25 లక్షలు దాటిన వరద లంకలను ముంచి ఎందరినో నిరాశ్రయులను చేశాయి. ఆ ఎర్రనీరే పాయల వెంట మడలోకి ఒండ్రు మోసుకుపోతుంది. లంక రైతుకు ఏడుపు తెచ్చే నీరు, మొగ దగ్గర చెట్టుకు తిండి పెడుతుంది. ప్రకృతిలో ఇలాంటి పేచీలు ఎన్నో. పోలవరం కట్టుబడి పూర్తయి నీరు నిలిచాక ఈ ఎర్రదనంలో ఎంత భాగం కిందికి దిగుతుందన్నది డెల్టా వాసులు ఇప్పటినుంచే అడగవలసిన ప్రశ్న. నష్టపరిహారం, పునరావాసం, కాలువల వాటా గురించి సభలలో మాట్లాడతారు. ఒండ్రు వాటా ఏ ఒప్పందంలోనూ కనబడదు.

ఒకచోట కోత, మరొకచోట మేత

ఇంతవరకు చదివినవారికి కోరంగి అడవి కరిగిపోతున్నదన్న అభిప్రాయం కలగవచ్చు. అలా చెప్పడం సరికాదు. దేశ అటవీ స్థితి నివేదికలలో ఆంధ్రప్రదేశ్ మడ విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు. 2003లో 329. ఆ తర్వాత కోలుకుని 2021లో 405. 2023 నివేదికలో మరో 13 చదరపు కిలోమీటర్లు పెరిగింది. ఉపగ్రహ చిత్రాలు మెరుగుపడటం వల్ల పాత అంకెలకూ కొత్త అంకెలకూ పోలిక అంత కచ్చితం కాదు గాని, పడిపోయి లేచిందన్న మాట మాత్రం నిజం.

ఎక్కడ పెరిగింది? ముఖ్యంగా చాటున్న చోట్ల. కాకినాడ అఖాతానికి ఎదురుగా పదహారు కిలోమీటర్లకు పైబడిన ఇసుక దిబ్బ వుంది. హోప్ ఐలాండ్ అంటారు. గౌతమి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా గత రెండు శతాబ్దాలలో తయారైన దిబ్బ ఇది. దాని చాటున అఖాతంలో నీరు నెమ్మదిగా వుంటుంది, ఒండ్రు అడుగుకు దిగుతుంది, కొత్త బురద తేలుతుంది, దాని మీద తెల్లమడ మొలుస్తుంది. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా కాపాడేదీ ఈ దిబ్బే. చాటు లేని చోట, బాహాటంగా సముద్రానికి ఎదురు నిలిచిన ఒడ్డున కథ వేరు. అల కింది మన్నును తోడేస్తుంది, చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోతుంది. అందువల్ల విస్తీర్ణం అంకె ఒక్కటి చూసి సంతోషించినా, దుఃఖించినా తొందరపాటే. ఎదురు ఒడ్డున పోయినది వయసు మళ్లిన దట్టమైన అడవి. చాటున వచ్చినది మోకాలెత్తు పిల్ల మడ. కాగితం మీద రెండూ ఒకటే.

ఆ దిబ్బను పోషించేదీ నది ఇసుకే. నది చెయ్యి ముడుచుకుంటే ఆ చాటు ఎన్నాళ్లుంటుంది?

వెనక్కి జరగడానికి జాగా ఏది?

పైకి ఎదగలేనప్పుడు మడకు రెండో దారి వెనక్కి జరగడం. ముందు వరస మునిగిపోతున్న కొద్దీ వెనుక, కాస్త మెరక మీద మొలకలు నిలదొక్కుకుంటాయి. అడవి మొత్తం అడుగడుగునా ఊరివైపు జరుగుతుంది. సముద్రం గతంలో పెరిగినప్పుడల్లా మడ ఇలాగే ప్రాణం దక్కించుకుంది. చెట్టు కదలదు గాని అడవి కదులుతుంది.

ఇప్పుడు కదలడానికి చోటు లేదు. కాకినాడ నుంచి తాళ్ళరేవు మీదుగా యానాం వెళ్లే 216 నంబరు జాతీయ రహదారి మీద బస్సులో కూర్చుని తూర్పువైపు చూస్తే సంగతి బోధపడుతుంది. రోడ్డు, ఊళ్లు, వరి చేలు, ఆ తర్వాత చెరువులు. రొయ్యల చెరువుల గట్టు ముగిసిన చోట మడ మొదలవుతుంది. మధ్యలో ఖాళీ అనేది అరుదు. శాస్త్రజ్ఞులు దీనిని ‘తీరం నొక్కుడు’ అంటారు. ఒకవైపు సముద్రం, మరోవైపు గట్టు, నడుమ మడ.

రొయ్య 1990ల మొదట్లో ఎలా వచ్చిందో పెద్దవారికి గుర్తే. ఎకరం పొలం ఇరవై ఏళ్లలో ఇవ్వని డబ్బు ఒక్క పంటలో వస్తుందన్న ఆశ. వరి చేలు చెరువులయ్యాయి, ఉప్పు బీళ్లు చెరువులయ్యాయి, కొన్నిచోట్ల మడ అంచులూ చెరువులయ్యాయి. ఆ దశాబ్దం మధ్యలోనే తెల్లమచ్చల వైరస్ వచ్చి వేలాది మందిని అప్పుల పాలు చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సాంప్రదాయకం కాని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి అనుమతుల పద్ధతి తెచ్చింది. 2009 నుంచి వనామి రొయ్య వచ్చి మళ్లీ చెరువులు కళకళలాడాయి. రొయ్య రైతు మీద నింద మోపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఈ జిల్లాలలో వేల కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. గట్టు ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు అన్నదే ప్రశ్న.

చెరువు ఒక్కటే కారణమనడమూ న్యాయం కాదు. 2020లో కాకినాడ దుమ్ములపేట ప్రాంతంలో ఇళ్ల స్థలాల కోసం మడ భూములను మెరక చేయడంపై వివాదం రేగి, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడికి ఇల్లు కావాలి, నిజమే. పోటు నీరు వచ్చే పల్లంలో కట్టిన ఇంటికి మడ చాటు కూడా తీసేస్తే ఆ పేదవాడు ఎవరిని చూసుకుని పడుకోవాలి?

ఉప్పెనలు మరచిన నేల కాదు

ఈ మాట కోరంగిలో ఊరికే అనలేదు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఇక్కడ ఇరవై వేల మందిని పొట్టన పెట్టుకుందని పాత రికార్డులు చెబుతాయి. ‘సైక్లోన్’ అనే ఇంగ్లీషు మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన రాతల్లో ఈ ఉప్పెనను ప్రస్తావించాడు. 1839 నవంబరులో మరొకటి వచ్చి రేవును ధ్వంసం చేసింది. ఆనాటి మృతులు మూడు లక్షలని ప్రచారంలో వున్న అంకె. ఆ కాలంలో ఎవరు లెక్కించారో గాని, దెబ్బ మాత్రం రేవు తిరిగి లేవలేనంతటిది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో పది వేల మందికి పైగా పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానులో వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వేటకు వెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. మడ చాటున వున్న పల్లెలు ఆ రాత్రి కాస్త తెరిపిన పడ్డాయని ఇక్కడివారు నేటికీ చెప్పుకుంటారు.

ఇది నమ్మకం మాత్రమే కాదనడానికి ఒడిశా నుంచి ఆధారం వుంది. 1999 అక్టోబరు 29 నాటి పెను తుఫానులో కేంద్రపాడ జిల్లా గ్రామాలలో జరిగిన మరణాలను, ఆ ఊళ్లకూ సముద్రానికీ నడుమ వున్న మడ వెడల్పును పక్కపక్కన పెట్టి ఇద్దరు పరిశోధకులు లెక్క చూశారు. మడ వెడల్పుగా వున్న ఊళ్లలో చావులు తక్కువ. 2009లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తుఫాను హెచ్చరిక, ముందే ఖాళీ చేయించడం వల్ల దక్కిన ప్రాణాలే ఎక్కువన్నది వేరే సంగతి. మడ ఆ రెంటికీ ప్రత్యామ్నాయం కాదు, తోడు.

ఉప్పెన ఏ పాతికేళ్లకో ఒకసారి. వల మాత్రం రోజూ వెయ్యాలి. కోరంగి, గాడిమొగ, భైరవపాలెం వంటి ఊళ్లలో చిన్న పడవ మీద కాలువలలోకి వెళ్లి చేపలు, రొయ్యలు పట్టేవారు, బురదలో బొరియలు వెతికి మండపీతలు తీసేవారు, గుల్లలు ఏరుకునే ఆడవారు అందరూ ఈ మడ మీద ఆధారపడినవారే. సముద్రంలో పెరిగే రొయ్యలూ చేపలూ ఎన్నో పసితనం మడ వేళ్ల మధ్య గడుపుతాయి. అడవి ఒక ఎకరం తగ్గితే అది పట్టా భూమి కాదు కనుక ఎవరి పేరా నష్టం రాయరు. నష్టం బుట్టలో తెలుస్తుంది.

నాటడం కాదు, నీరు పారించడం

గోదావరి, కృష్ణా మడలలో 1990ల చివరి నుంచి కొన్నేళ్లపాటు ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్తుల కమిటీలు కలిసి చేసిన పని చెప్పుకోదగినది. మోడుబారిన మడ భూములు ఎందుకు తిరిగి పచ్చబడటం లేదో ముందు చూశారు. చెట్లు పోయిన చోట నేల ఎండకు ఎండి కుంగి, పళ్లెంలా తయారవుతుంది. పోటుకు వచ్చిన నీరు అందులో నిలిచిపోయి ఆవిరై ఉప్పు మిగులుతుంది. అక్కడ ఏ మొక్క నాటినా చస్తుంది. అందుకని పక్క కాలువ నుంచి ఒక పెద్ద బోదె తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న బోదెలు తీశారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా కనబడుతుంది. పోటు నీరు లోపలికి రావడం, పాటుకు వెళ్లిపోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది, మొక్కలు నిలిచాయి. బోదెలు పూడకుండా చూడవలసిన బాధ్యత ఊరివారిది. చూసిన చోట అడవి వచ్చింది.

2023లో కేంద్ర ప్రభుత్వం ‘మిష్టి’ పేరుతో తొమ్మిది తీర రాష్ట్రాలలో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలలో అయిదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచే పథకం ప్రారంభించింది. మంచిదే. ఇటువంటి పథకాలలో ఎప్పుడూ వుండే ఇబ్బంది ఒకటే. మొక్కల సంఖ్య లెక్కించడం తేలిక, అయిదేళ్ల తర్వాత ఎన్ని బతికాయో లెక్కించడం కష్టం. పడవ సులువుగా చేరే చోట, మరీ పల్లపు బురదలో వరసగా నాటి ఫోటో తీయించుకుంటే ఆ మొక్కలకు గాలి ఆడే గంటలు దొరకవు. పెరుగుతున్న సముద్రాన్ని లెక్కలో పెట్టుకుంటే నాటవలసినది ముందు వైపు కంటె వెనుక వైపు. అంటే చెరువుల వైపు.

ఆ చెరువులలో వైరస్ దెబ్బకో, ఖర్చులు గిట్టకో వదిలేసినవి వున్నాయి. వాటి విషయంలో మొక్క నాటవలసిన పని కూడా చాలాచోట్ల వుండదు. నేల మరీ పల్లమైపోకుండా, దగ్గరలో కాయ కాసే చెట్లుంటే గట్టుకు తగిన చోట గండి పెట్టడం చాలు. పోటు నీరు తెల్లమడ గింజలను తానే మోసుకొచ్చి పడేస్తుంది. గింజ బురదను పట్టుకుని వేరు దించడానికి కొద్ది రోజులు నీరు కదపకుండా వుండాలి. చిన్న పోట్లు వచ్చే రోజులలో, మెరక నేలల మీద ఆ వ్యవధి దొరుకుతుంది. ఏటేటా సముద్రం పెరుగుతున్న కొద్దీ ఆ మెరకలు తగ్గుతాయి.

ఇంతకూ ఈ తీరంలో వదిలేసిన చెరువులు ఎన్ని ఎకరాలు? అందులో పట్టా ఎంత, ప్రభుత్వ భూమి ఎంత, పోటు నీరు అందేది ఎంత? రెవెన్యూ, మత్స్యశాఖ, అటవీశాఖ మూడూ తమ తమ రికార్డులు ఒక్క బల్ల మీద పెడితే తేలే విషయమిది. తాళ్ళరేవు మండలంతో మొదలుపెట్టవచ్చు.